జ్వరం పోయింది, బలం ఇంకా రాలేదు



పోయిన వారం బ్యాంకు కార్డు పిన్ నంబరు ఎవరికీ చెప్పొద్దని రాస్తే, మెస్ దగ్గర చాలామంది ఆపి మాట్లాడారు. సంతోషం. ఈ వారం ఒంటి సంగతి రాస్తున్నాం. ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాం. అది ఒప్పుకోకుండా మీకు సలహాలు చెప్పే హక్కు మాకు లేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం మా గురించి రెండు ముక్కలు. మేమిద్దరం దుబాయ్‌లో సోనాపూర్ వైపు ఒక క్యాంపు ఆఫీసులో టైమ్‌షీట్లు రాసే క్లర్కులం. ఒకరిది కోరుట్ల, ఇంకొకరిది రాజోలు. ఇద్దరం ఇంటర్‌తో చదువు ఆపి విమానం ఎక్కినవాళ్లమే. డాక్టర్లం కాము. డాక్టర్లు చెప్పినవి, మా అనుభవంలో తెలిసినవి మాత్రమే రాస్తాం.

డ్యూటీ అయ్యాక సాయంత్రం క్యాంపు చుట్టూ పరుగెత్తే అలవాటు మాకు మూడేళ్ల నుంచి ఉంది. మొదట ఇద్దరమే. తర్వాత పది మంది అయ్యాం. అందులో అందరికంటే జోరుగా పరుగెత్తేది జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు. స్టీల్ ఫిక్సర్. పొద్దంతా ఇనుప చువ్వలు కట్టి వచ్చి కూడా, మేము రెండు చుట్లు తిరిగేలోగా మూడు చుట్లు తిరిగేవాడు.

పోయిన డిసెంబర్ 2న, ఇక్కడి జాతీయ దినం సెలవు రోజు, నాలుగు క్యాంపులకు కలిపి 5 కిలోమీటర్ల పరుగు పందెం పెట్టారు. పేర్లు రాసుకునే పని మాదే. సరిగ్గా వారం ముందు తమ్ముడికి జ్వరం పట్టుకుంది. దగ్గు, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడ్డాయి. ఆ రూములో ఎనిమిది మందిలో అయిదుగురు అలాగే పడ్డారు. ఫ్లూ అన్నారు క్లినిక్‌లో. నాలుగు రోజులకు జ్వరం దిగింది. పందెం ముందు రోజు రూముకు వెళ్లి అడిగాం.

"ఏం తమ్మీ, ఎట్లున్నవ్?"

"జొరం పోయిందన్నా. జర ఊపిరి ఆడ్తలేదు, గంతే."

ఆ "గంతే" దగ్గర మేము ఆగాల్సింది. ఆగలేదు. "నువ్వు లేకపోతే మన క్యాంపు గెలుస్తదా? రెండు పనడాల్ వేసుకుని పడుకో, రేపటికి సెట్ అయితది" అని చెప్పి, జాబితాలో వాడి పేరు పక్కన టిక్కు పెట్టి వచ్చాం.

పందెంలో మూడో కిలోమీటరు దగ్గర తమ్ముడు ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత పక్కకు ఒరిగాడు. 998కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేశారు, స్కానింగ్ చేశారు. వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చిందని తేల్చారు. ఆ జబ్బు పేరు మయోకార్డైటిస్ అని ఆ రోజే మొదటిసారి విన్నాం. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బరువు ఎత్తొద్దు, పరుగు ఊసే వద్దు, కనీసం మూడు నెలలు, అవసరమైతే ఆరు నెలలు అన్నాడు డాక్టరు. ఆ పందెంలో మొదటి బహుమతి ఒక ట్రాలీ సూట్‌కేసు.

ఇంట్లో వాడి నాన్నకు ఫోన్ చేసి చెప్పింది మేమే. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "బాగనే చూసుకుంటున్నరు కదా బిడ్డా" అన్నాడు. ఆ మాటతో ఫోన్ పెట్టేశాక మేమిద్దరం చాలాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఇది చదివి ఫ్లూ వచ్చిన ప్రతివాడూ గుండె పట్టుకుని భయపడొద్దు. ఈ వాపు అరుదు. చాలామందికి జ్వరం వస్తుంది, పోతుంది, అంతే. కానీ వచ్చిందో లేదో బయటికి కనపడదు. వైరస్ ఇంకా ఒంట్లో ఉండగానే గుండెను పరుగెత్తిస్తే, చిన్న వాపు పెద్ద ప్రమాదం కావచ్చు. అందుకే డాక్టర్లు ఒక తేలిక గుర్తు చెబుతారు. బాధ మెడ పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిగా గొంతు గరగర మాత్రమే ఉంటే, మెల్లగా నడవొచ్చు. బాధ మెడ కిందికి దిగితే, అంటే జ్వరం, ఛాతీలో దగ్గు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, ఆయాసం ఉంటే, వ్యాయామం పూర్తిగా బంద్.

ఇంకో సంగతి. పనడాల్ జ్వరాన్ని దించుతుంది కానీ వైరస్‌ను చంపదు. మాత్ర వేసుకుంటే దిగిన జ్వరం పోయినట్టు కాదు. మాత్ర లేకుండా దిగి ఉంటేనే పోయినట్టు. మనం మాత్ర మింగి థర్మామీటర్ చూసుకుని "నార్మల్" అనుకుంటున్నాం. అది మన ఒంటి లెక్క కాదు, మాత్ర లెక్క. అలాగే ఏ జ్వరమో తెలియకుండా బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఊరికి సెలవు మీద వెళ్లి వానాకాలంలో తిరిగి వచ్చేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

డెంగీ అంటే మన క్రికెట్ వాళ్లకు శుభ్‌మన్ గిల్ గుర్తొస్తాడు. 2023 ప్రపంచకప్ మొదలయ్యే ముందు అతనికి డెంగీ వచ్చింది. మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. అక్టోబర్ 14న అహ్మదాబాద్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్‌కు తిరిగొచ్చాడు. నెల తర్వాత, నవంబర్ 15న వాంఖడేలో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్. గిల్ 79 మీద ఉండగా కండరాలు పట్టేసి బయటికి నడిచాడు. ఆ ఉక్కపోతకు డెంగీ ప్రభావం కూడా తోడైందని తర్వాత తనే చెప్పాడు. చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు, మంచి తిండి ఉన్న 24 ఏళ్ల ఆటగాడికే నెల దాటినా ఒళ్లు పూర్తిగా సహకరించలేదు. 45 డిగ్రీల ఎండలో షట్టరింగ్ పని చేసే మనకు నాలుగు రోజుల్లో అంతా సర్దుకోవాలంటే ఎలా?

మంచం మీద పడుకుంటే ఇంత నీరసం ఎందుకు వస్తుందని రూముల్లో అడుగుతుంటారు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో దీని మీద పరీక్ష చేశారు. 20 ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని, ఏ జబ్బూ లేనివాళ్లను, 3 వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. కష్టపడేటప్పుడు ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, అన్నేళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ 3 వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. మంచి మాట కూడా ఉంది. మంచం దిగాక 8 వారాలు క్రమంగా సాధన చేయిస్తే పోయిన శక్తి తిరిగి వచ్చింది. కాబట్టి జ్వరం తర్వాత మెట్లెక్కితే ఆయాసం వచ్చిందని మనం పనికిరాకుండా పోయామని కాదు. పోయిన బలం వస్తుంది. కాకపోతే నాలుగు రోజుల్లో రాదు.

జనవరిలో మా ఇద్దరికీ అదే ఫ్లూ వచ్చింది. ఈసారి తొందరపడలేదు. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు వ్యాయామం మళ్లీ ఎలా మొదలుపెట్టాలో 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్లు ఒక పద్ధతి రాశారు. బాధలన్నీ పోయాక కనీసం 7 రోజులు ఆగాలి. ఆ తర్వాత కనీసం 2 వారాలు చాలా తేలికగా మొదలుపెట్టాలి. మా క్లినిక్ డాక్టరును అడిగితే ఫ్లూకు కూడా అలాగే చేయండి, మంచిదే అన్నాడు. పొద్దంతా మీ టైమ్‌షీట్లు రాసేవాళ్లం కదా, మాకూ ఒక టైమ్‌షీటు పెట్టుకున్నాం. పాత రిజిస్టరులో నాలుగు గళ్లు గీశాం. పొద్దున నాడి, నిద్ర ఎలా పట్టింది, ఏం చేశాం, మర్నాడు ఎలా ఉంది.

నాడి లెక్క చాలా సులువు. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి 2తో హెచ్చించాలి. మాలో ఒకరికి మామూలుగా 68 ఉండేది. ఫ్లూ తర్వాత 82 వచ్చింది. రోజూ ఉండేదాని కంటే 10 ఎక్కువ ఉంటే ఆ రోజు పరుగు లేదని నియమం పెట్టుకున్నాం.

మొదటి వారం ఏమీ చేయలేదు. డ్యూటీకి వెళ్లి రావడం, తినడం, పడుకోవడం.

రెండు, మూడు వారాలు నడక మాత్రమే. మొదటి రోజు బకాలా దాకా వెళ్లి లబన్ ప్యాకెట్టు కొనుక్కుని వచ్చాం. పది నిమిషాల నడక. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏంటి అన్నలూ, ముసలోళ్లయ్యారా?" అని నవ్వాడు. నవ్వనిచ్చాం. రోజూ కొంచెం పెంచుకుంటూ అరగంట దాకా వెళ్లాం. నడుస్తూ ఆగకుండా మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు.

నాలుగో వారం ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఆరు సార్లు, రోజు విడిచి రోజు. అయిదో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. ఇక్కడ ఒకసారి తప్పు చేశాం. ఒంట్లో హుషారుగా ఉందని ఒక సాయంత్రం పాత చుట్టు మొత్తం ఆగకుండా కొట్టేశాం. మర్నాడు ఇద్దరికీ కాళ్లు సీసం పోసినట్టు, తల బరువు, ఆఫీసులో కునికిపాట్లు. రిజిస్టరులో నాడి 80. అప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ నాలుగో వారం లెక్కకు దిగాం. ఎనిమిదో వారానికి ఆగకుండా 20 నిమిషాలు పరుగెత్తాం. నాడి 70కి దిగింది. అంతకుముందు మాకు ఆ దూరం లెక్కే కాదు. ఆ రోజు మాత్రం పండుగ చేసుకున్నాం, గుడ్లు రెండేసి ఎక్కువ ఉడకబెట్టుకుని.

ఆ లెక్కల్లో మేము నేర్చుకున్నది ఒకటే. ఈ రోజు ఎంత చేశామన్నది కాదు, మర్నాడు ఎలా లేచామన్నది చూడాలి. మర్నాడు తేలిగ్గా ఉంటే కొంచెం పెంచు. బరువుగా ఉంటే వెనక్కి తగ్గు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా వెంటనే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఛాతీలో నొప్పి లేదా బిగపట్టినట్టు ఉండటం. చేసిన పనికి మించిన ఆయాసం. గుండె దడదడలాడటం, దెబ్బలు తప్పినట్టు అనిపించడం. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం. కాళ్ల వాపు. "కాసేపు ఆగితే అదే పోతుంది" అనొద్దు. "ఫోర్‌మన్ ఏమంటాడో" అనీ అనొద్దు. రూములో ఎవరైనా పడిపోతే ముందు 998, తర్వాతే క్యాంపు బాసు.

ఇప్పుడు ఎండల సంగతి. ప్రతి ఏడాది జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని ఉండకూడదని ఇక్కడి ప్రభుత్వ నియమం. మిగతా గంటలూ చల్లగా ఏమీ ఉండవు. వారం పైన రూములో ఏసీ కింద పడుకుంటే, ఎండకు అలవాటు పడిన ఒళ్లు ఆ అలవాటు కోల్పోతూ ఉంటుంది. పని అలవాటు ఉండి కొన్నాళ్లు ఆగి తిరిగొచ్చినవాళ్లకు అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఒక లెక్క చెబుతుంది. ఎండ పని మొదటి రోజు సగం, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80 శాతం, నాలుగో రోజు పూర్తిగా. సూపర్‌వైజర్లు కూడా ఈ పేజీ చదువుతారని మాకు తెలుసు. అన్నలూ, జ్వరం నుంచి లేచినవాడికి మొదటి రోజే స్లాబ్ మీద పని చెప్పకండి. రెండు రోజులు నీడ పని ఇస్తే మీ పని ఆగదు. మనిషి పడిపోతే ఆగుతుంది.

పరుగు కూడా ఈ నెలల్లో తెల్లవారుజామునే. సాయంత్రం సూర్యుడు పోయినా రోడ్డు వేడి పోదు, ఉక్క పెరుగుతుంది. నీళ్లు ముందూ తర్వాతా తాగండి. ఎనర్జీ డ్రింకులతో బలం రాదు. అందులో ఉండే కెఫీన్ గుండె వేగాన్ని పెంచుతుంది. పప్పు, గుడ్లు, పెరుగు, లబన్, అరటిపండు చాలు. నిద్ర వీటన్నిటికంటే ముఖ్యం. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి పొద్దున నాలుగింటికి బస్సు ఎక్కేవాడికి ఏ తిండీ పట్టదు.

అసలు మనం జ్వరం దాచుకునేది డబ్బు కోసం, ఉద్యోగం పోతుందన్న భయం కోసం. అందుకని చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోండి. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, ప్రొబేషన్ దాటినవాళ్లకు ఏడాదిలో 90 రోజుల దాకా సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతా రోజులకు జీతం లేదు. 3 పని దినాల్లోగా కంపెనీకి తెలియజేసి మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. కాగితం లేకపోతే మా రిజిస్టరులో అది గైర్హాజరే అవుతుంది. కాబట్టి క్లినిక్‌కు వెళ్లినప్పుడు కాగితం అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఓవర్‌టైమ్ పోతుంది, నిజమే. మా తమ్ముడికి నాలుగు రోజుల ఓవర్‌టైమ్ పోయి ఉంటే చాలు. తొందరపడినందుకు నెలల ఓవర్‌టైమ్ పోయింది, కొన్నాళ్లు సగం జీతమే వచ్చింది.

ఇంతకీ తమ్ముడు ఎలా ఉన్నాడని అడుగుతారు. బాగున్నాడు. స్టోర్‌లో తేలిక డ్యూటీ ఇచ్చారు. ఆస్పత్రిలో ఉండగా ఒక రోజు, "ఇంక నేను ఉరుకుడు అయిపోయిందా అన్నా?" అని అడిగాడు. అప్పుడు మేము ఆల్ఫోన్సో డేవీస్ సంగతి చెప్పాం. బేయర్న్ మ్యూనిక్‌కు ఆడే కెనడా ఫుట్‌బాల్ ఆటగాడు. 2022 జనవరిలో కోవిడ్ తర్వాత పరీక్షల్లో అతనికీ గుండె కండరం వాపే కనపడింది. స్వల్పంగానే ఉన్నా ఆట ఆపేశారు. ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. అదే ఏడాది నవంబర్‌లో మన పక్కనే ఖతార్‌లో, ప్రపంచకప్‌లో క్రొయేషియా మీద గోల్ కొట్టాడు. పురుషుల ప్రపంచకప్‌లో కెనడాకు అదే మొదటి గోల్. ఆగమన్నప్పుడు ఆగాడు కాబట్టి పరుగెత్తగలిగాడు.

తమ్ముడూ ఆగాడు. మార్చి చివర్లో పరీక్షలు మళ్లీ చేసి, వాపు పోయింది, నడక మొదలుపెట్టొచ్చు అన్నాడు డాక్టరు. ఇప్పుడు తెల్లవారుజామున మాతో వస్తున్నాడు. రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. అప్పట్లో వాడి వెనక మేము రొప్పేవాళ్లం. ఇప్పుడు వాడి కోసం మేము మెల్లగా వెళ్తున్నాం. రిజిస్టరులో వాడికీ నాలుగు గళ్లు గీశాం. వాడి గళ్లు వాడే నింపుకుంటాడు.

మా ఆఫీసులో ఒక నియమం కూడా మారింది. ఇకమీదట ఏ ఆటల పోటీకి పేరు రాసుకున్నా ముందు అడిగే ప్రశ్న ఇది: "కిందటి మూడు వారాల్లో జ్వరం వచ్చిందా?" వచ్చిందంటే పేరు రాయం. ఎంత బతిమాలినా రాయం. ఈ డిసెంబర్ పందెం గురించి తమ్ముణ్ని మేము అడగలేదు. వాడే అన్నాడు. "అన్నా, ఈసారి మీరు టిక్కు పెట్టకుండ్రి. డాక్టరు పెడితేనే ఉరుకుత."

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు. మన రెక్కల మీద ఊళ్లో ఇంకో నాలుగు కంచాలు ఆధారపడి ఉన్నాయి. జ్వరం వస్తే ఆగండి. పోయాక కూడా కొంచెం ఆగండి. తర్వాత నడవండి. పరుగు ఎక్కడికీ పోదు.

వచ్చే వారం సెలవు మీద ఊరికి వెళ్లేవాళ్లు సామానులో ఏం పెట్టుకోవచ్చో, ఏం పెట్టుకోకూడదో రాస్తాం. మీ అనుభవాలు మెస్ దగ్గర చెప్పండి, లేదంటే కాగితం మీద రాసి మా ఆఫీసు కిటికీలో వేయండి. అప్పటిదాకా సెలవు.